ఉత్తరాంధ్ర మత్స్యకారుల మొబైలు, ఉపగ్రహ సమాచార పరికరాలు

ఉత్తరాంధ్ర మత్స్యకారుల మొబైలు, ఉపగ్రహ సమాచార పరికరాలు అనగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం నుండి సముద్రపు వేటకు వెళ్ళేవారికి వాతావరణ హెచ్చరికలను, చేపలు దొరికే తావులను, తామున్న స్థానాన్ని తెలియజేయడానికి వాడుకలోకి వచ్చిన చేతి పరికరాలు. సాధారణ మొబైలు ఫోను, జీపీఎస్ గ్రాహకం, జెమిని, నావిక్ గ్రాహకం, ఆపద సంకేత పరికరం, రెండువైపులా సందేశాలు నడపగల ట్రాన్స్‌పాండరు ఈ కోవకు చెందుతాయి. అర్ధవాహకాలతో తయారయ్యే చిప్పుల పరిమాణం, ధర, విద్యుత్తు వినియోగం తగ్గుతూ రావడం వలన ఒకప్పుడు ఓడలకు మాత్రమే పరిమితమైన సౌకర్యాలు చిన్న తెప్పల వరకు రాగలిగాయి.

తుఫాను హెచ్చరికను తయారుచేయడం ఇప్పుడు అంత కష్టం కాదు. దానిని ఒడ్డున ఉన్న గ్రామానికి చేర్చడం కూడా చాలవరకు సాధ్యమైంది. తీరానికి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో వల వేసి కూర్చున్న మనిషికి ఆ మాట చేరడం, చేరిందని ఒడ్డుకు తెలియడం, ఈ రెండే మిగిలిన సమస్యలు.

తీరము, వేట

ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు ఇచ్ఛాపురం నుండి రణస్థలం వరకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం కలదు. విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలాలలో కలిపి సుమారు 28 కిలోమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటికీ తీర మండలాలు ఈ రెండు జిల్లాలలోనే ఉన్నాయి. బారువ, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం, చింతపల్లి ఈ తీరంలో పేరున్న ఊళ్ళు. ఇక్కడి వేట ఎక్కువగా ఇసుక తీరం నుండే జరుగుతుంది. ఫైబరుతో చేసి మోటారు బిగించిన తెప్పలను అలలలోకి తోసి వేటకు పోతారు. పెద్ద మరబోట్లలో పనిచేయదలచినవారు విశాఖపట్నానికో, పారాదీపుకో, గుజరాత్‌లోని వేరావల్‌కో వలసపోతారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యంత్రపు పడవల వేటపై నిషేధం ఉంటుంది.

ఈ తీరం తుఫానులకు ఎదురుగా ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ వద్ద, సరిగా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరాన్ని తాకింది.

ఫోనులకు ముందు

వాతావరణ శాఖవారి విశాఖపట్నం తుఫాను హెచ్చరికల కేంద్రం నుండి వచ్చే సూచనను బట్టి కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో ప్రమాద సూచికలను ఎగురవేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. పగలు ఆకారాలను, రాత్రి దీపాలను వాడేవారు. ఇది ఒడ్డుకు కనుచూపు మేరలో ఉన్నవారికే పనికివస్తుంది. 1963లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాక ట్రాన్సిస్టరు రేడియో మత్స్యకారుల ఇళ్ళకు, తరువాత తెప్పలపైకి చేరింది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో 1947లో బెల్ ప్రయోగశాలలలో కనుగొన్న ట్రాన్సిస్టరు పుణ్యమే. కనుక ఈ తీరంలో అర్ధవాహకాల కథ సెల్ ఫోనుతో మొదలైనది కాదు, రేడియోతోనే మొదలైంది. మధ్యతరంగాల ప్రసారం సముద్రంమీద చాలాదూరం పోతుంది. ఈ ఒక్క విషయంలో ఆ పాత రేడియో నేటి స్మార్టు ఫోనుకంటే మెరుగైనదనే చెప్పాలి.

టవరు సంకేతం ఎంతదూరం పోతుంది?

మొబైలు ఫోను టవరుతో మాట్లాడే రేడియో తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉండడం వలన కొంతదూరం తరువాత టవరు దిగంతం కిందకు పోతుంది. దీనిని లెక్కకట్టడం సులభం. ఎత్తును మీటర్లలో తీసుకొని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 40 మీటర్ల టవరుకు ఇది సుమారు 26 కిలోమీటర్లు. నీటిమట్టానికి 2 మీటర్ల ఎత్తులో పట్టుకున్న ఫోనుకు మరొక 6 కిలోమీటర్లు. రెండూ కలిపితే 32 కిలోమీటర్లు. ఇది సిద్ధాంతం చెప్పే గరిష్ఠ దూరం. రెండవ తరం జీఎస్ఎం పద్ధతిలో సంకేతం పోయిరావడానికి కేటాయించిన సమయాన్ని బట్టి కూడా సాధారణంగా ఒక టవరు పరిధి 35 కిలోమీటర్లకు మించదు.

ఆచరణలో ఇంతదూరం రాదు. టవరుపైనున్న ఏంటెనాలను గ్రామాలవైపు, రోడ్లవైపు కొద్దిగా కిందకు వంచి అమరుస్తారు. సముద్రంవైపు చూపించి బిగించడంవల్ల కంపెనీకి వచ్చే ఆదాయం స్వల్పం. పైగా టవరు మాట ఫోనుకు వినబడితే చాలదు, ఫోను మాట టవరుకు వినబడాలి. 900 మెగాహెర్ట్జ్ పాత జీఎస్ఎం ఫోను గరిష్ఠంగా 2 వాట్ల శక్తితో పంపగలిగేది. నేటి నాలుగవ తరం ఫోను పంపే గరిష్ఠశక్తి సాధారణంగా 0.2 వాట్లు మాత్రమే. అందువలన తీరం నుండి సుమారు 10, 12 కిలోమీటర్లు దాటితే ఫోను పనిచేయదని భూవిజ్ఞాన శాఖ కూడా లెక్కకు తీసుకుంటుంది. మోటారు తెప్ప ఈ దూరాన్ని గంట, రెండు గంటలలో దాటిపోతుంది.

శ్రీకాకుళం తీరానికి మరొక చిక్కు కూడా ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా టెలికాం సర్కిలు మొదలవుతుంది. కవిటి, సోంపేట వైపు తెప్పలు ఉత్తరానికి పోయినప్పుడు ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకుంటుందో, ఏ భాషలో సందేశం వస్తుందో చెప్పలేము.

తుఫాను వచ్చినప్పుడు టవర్లే పడిపోతే ఒడ్డున ఉన్నవారికి కూడా ఫోను ఉండదు. హుద్‌హుద్‌లో విశాఖపట్నం, విజయనగరం ప్రాంతాలలో, తిత్లీలో ఉద్దానం ప్రాంతంలో ఇదే జరిగింది. టవరు నిలబడినా కరెంటు స్తంభాలు కూలి, బ్యాటరీలు అయిపోయి, జనరేటరుకు డీజిలు అందక మూగబోతుంది. తరువాతి తుఫానులలో ఒక కంపెనీ టవరు పోతే మరొక కంపెనీ టవరును వాడుకొనేలా తాత్కాలిక రోమింగుకు ఆదేశాలు ఇవ్వసాగారు.

తెలుగు సందేశం

హెచ్చరికను ఎస్సెమ్మెస్ రూపంలో పంపడం మొదలైనప్పుడు ఎదురైన ఒక సమస్యను విద్యార్థులు తెలుసుకోదగినది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. యూనికోడులో రాసే తెలుగైతే 70 సంకేతాలు మాత్రమే పడతాయి. తెలుగులో గుణింతము, వత్తు, సున్న, ప్రతిదీ వేరొక సంకేతమే. "శ్రీకాకుళం" అన్నది చూడడానికి నాలుగు అక్షరాలే గాని ఫోను లెక్కలో పది సంకేతాలు. అనగా జిల్లా పేరు రాయగానే సందేశంలో ఏడవ వంతు అయిపోతుంది. గాలి వేగము, తేదీ, ఎంతదూరం పోరాదో చెప్పేసరికి రెండు మూడు సందేశాలు కావలసివచ్చేది. తెలుగు లిపికి ప్రత్యేక సంకేత పట్టికను అంతర్జాతీయ ప్రమాణాలలో చేర్చినప్పటికీ అది అంతగా వాడుకలోకి రాలేదు.

తొలినాటి చౌక ఫోనులలో తెలుగు అక్షరాల బదులు గళ్ళు కనిపించేవి. చిప్పులోని జ్ఞాపకశక్తి, గణనశక్తి తక్కువగా ఉన్నప్పుడు వత్తులను సరిగా కూర్చి చూపడం కూడా భారమే. జ్ఞాపక చిప్పులు చౌకబడ్డాక ఈ ఇబ్బంది క్రమంగా తొలగింది. భారతదేశంలో అమ్మే ఫోనులన్నీ భారతీయ భాషల లిపులను చూపగలిగి ఉండాలని కేంద్రప్రభుత్వం 2016లో ఆదేశించింది.

ఎస్సెమ్మెస్‌కు బదులు సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిని సీ-డాట్ సంస్థ అభివృద్ధి చేయగా 2023లో దేశవ్యాప్తంగా పరీక్షించారు. ఇందులో ఒక్కొక్క నంబరుకు విడిగా పంపడం ఉండదు. ఎంచుకున్న టవర్ల పరిధిలోని ఫోనులన్నీ ఒకేసారి పెద్దశబ్దంతో మోగుతాయి. ఎంతమంది ఉన్నా నెట్వర్కుపై రద్దీ పెరగదు. అయితే ఇదికూడా టవరు ఉన్నంతమేరకే.

ఓఖీ తుఫాను, జెమిని

2017 నవంబరు చివరలో కన్యాకుమారి వద్ద ఓఖీ తుఫాను ఒక్కరోజులోనే బలపడింది. అప్పటికే కేరళ, తమిళనాడు మత్స్యకారులు అనేకరోజుల వేటకు సముద్రంలోకి పోయి ఉన్నారు. హెచ్చరిక వెలువడినా వారికి చేరే మార్గం లేకపోయింది. వందలాదిమంది చనిపోవడమో గల్లంతు కావడమో జరిగింది. ఈ దుర్ఘటన తరువాత భూవిజ్ఞాన శాఖ టవరుతో పనిలేని పరికరం కోసం ప్రయత్నించింది.

దానిని రూపొందించిన సంస్థ తెలుగువారికి దగ్గరలోనే ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, క్లుప్తంగా ఇన్‌కాయిస్, 1999లో ఏర్పడి హైదరాబాదు ప్రగతినగర్ నుండి పనిచేస్తున్నది. సముద్రానికి దూరంగా దక్కను పీఠభూమిపై కూర్చుని సముద్రపు అలలను లెక్కించే సంస్థ ఇది. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని బట్టి చేపలు గుమికూడే అవకాశమున్న తావులను ఈ సంస్థ మత్స్యకారులకు తెలియజేస్తుంది. చల్లని, వెచ్చని నీళ్ళు కలిసేచోట సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. దానికోసం చిన్న చేపలు, వాటికోసం పెద్ద చేపలు వస్తాయి. సునామీ హెచ్చరికలను కూడా ఇన్‌కాయిసే వెలువరిస్తుంది.

జెమిని పరికరాన్ని 2019 అక్టోబరు 9న అప్పటి కేంద్రమంత్రి హర్షవర్ధన్ ఆవిష్కరించారు. దీనిని ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించగా, బెంగుళూరులోని అకార్డ్ సంస్థ తయారుచేసింది. ఇది పనిచేసే తీరు ఆసక్తికరమైనది. విమానాలు సురక్షితంగా దిగడానికి జీపీఎస్ లెక్కలను సవరించి ఉపగ్రహాల ద్వారా ప్రసారంచేసే గగన్ అనే వ్యవస్థ దేశంలో అప్పటికే ఉంది. జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహాలు ఈ పని చేస్తున్నాయి. ఆ ప్రసారంలో కొద్దిగా ఖాళీస్థలం ఉంటుంది. ఇన్‌కాయిస్ తన సందేశాన్ని ఆ ఖాళీలో ఎక్కించింది. విమానాల కోసం వేసిన దారిలో తెప్పలకు ఉత్తరం పంపినట్లయింది. కొత్త ఉపగ్రహం అవసరం లేకపోయింది.

జెమిని గ్రాహకం చిన్న పెట్టె. అది ఉపగ్రహం నుండి సందేశాన్ని అందుకొని బ్లూటూత్ ద్వారా మత్స్యకారుని ఫోనుకు పంపుతుంది. ఫోనులోని యాప్ ఆ సందేశాన్ని విప్పి తెలుగుతో సహా తొమ్మిది ప్రాంతీయ భాషలలో చూపుతుంది. ఉపగ్రహం నుండి వచ్చేవి కొద్దిపాటి సంకేతాలే. వాక్యాలన్నీ ముందుగానే ఫోనులో ఉంటాయి. పైన చెప్పిన 70 సంకేతాల ఇబ్బంది ఈ విధంగా తప్పింది. తెర, బ్యాటరీ, స్పీకరు మత్స్యకారుని సొంత ఫోనువే కాబట్టి పెట్టె ఖర్చుకూడా తగ్గింది.

దీనికి ఉన్న పెద్దలోపం ఇది ఒకవైపు పరికరం కావడం. ఒడ్డు మాట తెప్పకు వినబడుతుంది, తెప్ప మాట ఒడ్డుకు వినబడదు. మునిగిపోతున్నామని చెప్పడానికి జెమిని పనికిరాదు.

నావిక్ వ్యవస్థ

అమెరికా జీపీఎస్‌పై ఆధారపడకుండా స్థానాన్ని తెలుసుకొనేందుకు ఇస్రో నిర్మించిన ప్రాంతీయ ఉపగ్రహ వ్యవస్థ నావిక్. మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న, ఏడవదానిని 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. ఏడవ ప్రయోగం అనంతరమే దీనికి నావిక్ అని పేరుపెట్టారు. భారతదేశంతో పాటు సరిహద్దుల నుండి 1500 కిలోమీటర్ల వరకు ఇది పనిచేసేలా ఉద్దేశించారు. బంగాళాఖాతం మొత్తం ఈ పరిధిలోకి వస్తుంది. స్థానం చెప్పడమే కాక ఒకవైపు సందేశాలను ప్రసారంచేయగలగడం దీని ప్రత్యేకత.

స్థానం తెలియడమన్నది ఈ రెండు జిల్లాలవారికి పుస్తకాలలో చదువుకొనే విషయం కాదు. వేరావల్ బోట్లలో కూలికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను 2018 నవంబరులో సముద్రసరిహద్దు దాటారన్న కారణంపై పాకిస్తాన్ అదుపులోకి తీసుకొని కరాచీ జైలులో ఉంచింది. వీరిలో ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు ద్వారా తిరిగివచ్చారు. ఈ ఉదంతం ఆధారంగా 2025 ఫిబ్రవరిలో తండేల్ అనే చలనచిత్రం వచ్చింది. తండేలు అంటే బోటు నాయకుడు. సముద్రంమీద గీత కనబడదు. ఆ గీత ఎక్కడుందో చెప్పేది పరికరమే.

ఫోను చిప్పులో నావిక్

ఉపగ్రహం నుండి నేలకు చేరేసరికి స్థాన సంకేతపు శక్తి ఊహకందనంత తక్కువ. ఒక వాట్‌ను ఒకటి పక్కన పదహారు సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. చుట్టూ ఉన్న రేడియో రొద దానికంటే బలంగా ఉంటుంది. ఆ రొదలో నుండి సంకేతాన్ని వెతకడానికి గ్రాహకం వద్ద ప్రతి ఉపగ్రహపు ప్రత్యేక సంకేతమాల నకలు ఉంటుంది. వచ్చినదానితో ఆ నకలును కొద్దికొద్దిగా జరుపుతూ వేలసార్లు సరిపోల్చుతుంది. పెద్ద సంతలో మన ఊరివారి గొంతు గుర్తుపట్టినట్లు, ముందే తెలిసిన గొంతు కాబట్టే దొరుకుతుంది. ఈ పోలికలన్నీ ఏకకాలంలో చేయాలంటే లక్షల ట్రాన్సిస్టర్లు కావాలి. 1980లలో సైనికులు ఇటువంటి గ్రాహకాన్ని వీపున మోసేవారు. 1989లో చేతిలో పట్టే గ్రాహకం మార్కెట్టులోకి వచ్చింది. 1999లో ఫిన్లాండ్‌కు చెందిన బెనెఫోన్ సంస్థ జీపీఎస్ ఉన్న ఫోనును విడుదలచేసింది. అత్యవసర కాల్ చేసిన వ్యక్తి ఎక్కడున్నాడో కనుక్కోవాలని అమెరికా ప్రభుత్వం 1996 నుండి పెట్టిన నిబంధనలు ఫోనులలోకి జీపీఎస్ రావడానికి ముఖ్యకారణం.

ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నకొద్దీ అంకెల లెక్కలుచేసే భాగం కుదించుకుపోయింది. రేడియో భాగం మాత్రం అంతగా కుదించుకుపోదు. ఏంటెనా పరిమాణం తరంగదైర్ఘ్యంపై ఆధారపడుతుంది గాని చిప్పుల కర్మాగారంపై కాదు. వడపోత భాగాలు, సంకేతాన్ని బలపరచే గాలియం ఆర్సెనైడ్ భాగాలు నేటికీ విడి భాగాలుగానే ఉంటాయి. నావిక్ విషయంలో ఈ తేడాయే అడ్డంకి అయింది.

ప్రపంచంలోని ఫోనులు జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ తరంగానికి, అనగా ఎల్1కు తగినట్లు తయారవుతాయి. తొలి నావిక్ ఉపగ్రహాలు 1176.45 మెగాహెర్ట్జ్ గల ఎల్5లో, 2492.028 మెగాహెర్ట్జ్ గల ఎస్ పట్టీలో ప్రసారంచేశాయి. ఎస్ పట్టీ వైఫైకి మరీ సమీపం. ఎల్5 అందుకోవాలంటే ఫోనులో మరొక రేడియో దారి, మరొక వడపోత కావాలి. 2018లో వచ్చిన షియోమీ మి 8 నుండి రెండు తరంగాలను అందుకునే ఫోనులు మొదలైనా చాలాకాలం అవి ఖరీదైనవే. 2022లో ప్రభుత్వం ఫోనులన్నిటిలో నావిక్ ఉండాలని కోరినప్పుడు తయారీదారులు ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో ఎల్1 తరంగాన్ని చేర్చడం ఈ అభ్యంతరానికి సమాధానమే. ఉపగ్రహాన్ని ఫోనుకు తగినట్లు మార్చడం, ఫోనును ఉపగ్రహానికి తగినట్లు మార్చడంకంటే తెలివైన పని.

క్వాల్‌కామ్ సంస్థ 2020 జనవరిలో నావిక్‌ను అందుకోగల స్నాప్‌డ్రాగన్ 720జీ, 662, 460 చిప్పులను ప్రకటించింది. మొదటిది 8 నానోమీటర్ల, మిగిలిన రెండూ 11 నానోమీటర్ల పద్ధతిలో చేసినవి. ఈ నానోమీటర్ల సంఖ్య ఇప్పుడు తరం పేరు మాత్రమే, చిప్పులోని ఏదో ఒక భాగపు కొలతగా భావించరాదు. వీటిలో 460 తక్కువ ధర ఫోనుల కోసం చేసినది కనుక మత్స్యకారుల దృష్టితో చూస్తే అదే ముఖ్యమైనది. 2023లో ఐఫోన్ 15 ప్రోలో కూడా నావిక్ చేరింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఫోను చిప్పులో నావిక్ ఉన్నంతమాత్రాన నావిక్ ద్వారా ప్రసారమయ్యే తుఫాను సందేశం ఆ ఫోనులో కనబడుతుందని కాదు. స్థానం కనుక్కోవడం వేరు, సందేశం చదవడం వేరు. సందేశానికి విడిగా గ్రాహకం కావాలి.

నావిక్ ఉపగ్రహాలు కూడా ఇబ్బందులు పడ్డాయి. కొన్నింటిలో అణుగడియారాలు ఆగిపోయాయి. స్థానాన్ని లెక్కించడమంటే కాలాన్ని కొలవడమే కాబట్టి గడియారం ఆగిన ఉపగ్రహం దారి చెప్పలేదు. 2017 ఆగస్టులో ఒక ప్రయోగం విఫలమైంది. 2025 జనవరి 29న పంపిన ఎన్‌వీఎస్-02 నిర్ణీత కక్ష్యకు చేరలేకపోయింది. 2025 జూలైలో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం ప్రయోగించిన 11 ఉపగ్రహాలలో నాలుగు స్థానం తెలియజేయడానికి, మరొక నాలుగు ఒకవైపు సందేశాల ప్రసారానికి అప్పట్లో ఉపయోగపడుతుండేవి. గడియారం పోయినవి సందేశాలకైనా పనికిరావడం మత్స్యకారులకు కొంతలో కొంత మేలు.

తెప్ప నుండి ఒడ్డుకు

ఒడ్డుకు మాట పంపడం కష్టతరమైన పని. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మామూలు ఫోను శక్తి దానికి చాలదు. ఇందుకోసం ఇస్రో, తీరరక్షక దళం కలిసి ఆపద సంకేత పరికరాన్ని 2010లో ప్రవేశపెట్టాయి. మీట నొక్కితే పడవ ఉన్న స్థానం, ఆపద ఏ రకానిదో తెలిపే చిన్నసందేశం ఉపగ్రహం ద్వారా నియంత్రణ కేంద్రానికి, అక్కడినుండి తీరరక్షక దళానికి చేరుతుంది. తొలినాటి పరికరంలో సందేశం చేరిందో లేదో నొక్కినవారికి తెలిసేది కాదు. 2024 జనవరిలో ప్రకటించిన రెండవ తరం పరికరం సందేశం అందిందని జవాబు చెబుతుంది. మునుగుతున్న తెప్పలోని మనిషికి ఆ జవాబు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో లక్ష యంత్రపు, మోటారు పడవలకు ట్రాన్స్‌పాండర్లను ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. దీని అంచనా వ్యయం సుమారు 360 కోట్ల రూపాయలు. ఈ పరికరం 2015 ఆగస్టులో ప్రయోగించిన జీశాట్-6 ఉపగ్రహాన్ని వాడుతుంది. ఆ ఉపగ్రహానికి ఆకాశంలో గొడుగువలె విచ్చుకునే 6 మీటర్ల ఏంటెనా ఉంది. పైన పెద్ద చెవి ఉంటే కింద చిన్న గొంతు సరిపోతుంది. అందుకే పడవపై చిన్న పెట్టెతో పని జరుగుతున్నది. ఫోనులోని నభ్‌మిత్ర యాప్ బ్లూటూత్ ద్వారా ఈ పెట్టెతో కలిసి సందేశాలను అటూ ఇటూ నడుపుతుంది. వాతావరణ హెచ్చరిక, సరిహద్దు హెచ్చరిక, చేపల జాడ, ఆపద సందేశం అన్నీ ఒకే పరికరంలో చేరాయి.

మామూలు ఫోనే నేరుగా ఉపగ్రహంతో మాట్లాడేందుకు వీలుకల్పించే ప్రమాణాలను అంతర్జాతీయ సంస్థలు 2022లో ఖరారుచేశాయి. ఆపిల్ సంస్థ అదే సంవత్సరం నవంబరులో అమెరికా, కెనడాలలో ఐఫోన్ 14తో ఉపగ్రహ ఆపద సందేశాలను మొదలుపెట్టింది. భారతదేశంలో బీఎస్ఎన్ఎల్, వయాశాట్ సంస్థలు 2024లో ఇటువంటి ప్రదర్శన చేశాయి. ఇది చౌక ఫోనులలోకి వచ్చినప్పుడు పెట్టెతో అవసరం తగ్గవచ్చు.

చిప్పుల తయారీ, ఆంధ్రప్రదేశ్

2015 ఆగస్టులో విశాఖపట్నంలో జరిగిన కార్యక్రమంలో షియోమీ సంస్థ తన రెడ్‌మి 2 ప్రైమ్ ఫోనును విడుదలచేసింది. దానిని తిరుపతి సమీపంలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం కూర్చింది. కూర్చడమే తప్ప చిప్పులన్నీ బయటినుండి వచ్చినవే. హైదరాబాదులో క్వాల్‌కామ్ మొదలైన సంస్థల రూపకల్పన కేంద్రాలు ఉన్నా అక్కడ గీసిన చిప్పులు విదేశీ కర్మాగారాలలో తయారవుతాయి. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌లో ఏఎస్ఐపీ అనే సంస్థ ఏర్పాటుచేసే చిప్పుల పాకేజింగు కర్మాగారానికి ఆమోదం తెలిపింది. దక్షిణ కొరియాకు చెందిన అపాక్ట్ సంస్థ సాంకేతిక భాగస్వామి. ఏడాదికి 9.6 కోట్ల చిప్పులు దీని లక్ష్యం. మొబైలు ఫోనులు, సెట్‌టాప్ బాక్సులు, వాహనాలు మొదలైనవాటిలో ఇవి వాడబడతాయి. పాకేజింగు అంటే విడిగా తయారైన సిలికాను పలకను కోసి, తీగలు కలిపి, పైన కవచం వేసి వాడకానికి సిద్ధంచేయడం. సముద్రపు ఉప్పుగాలికి చిప్పు ఎన్నాళ్ళు నిలుస్తుందో నిర్ణయించే వాటిలో ఈ కవచం ఒకటి.

పరిమితులు

ఫోనుపై ఐపీ67 అని ముద్రించి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష మంచినీటితో చేస్తారు. ఉప్పునీరు చార్జింగు రంధ్రంలోని లోహాన్ని త్వరగా తినివేస్తుంది. బ్యాటరీ మరొక సమస్య. తెర వెలుగులో, బ్లూటూత్ కలిసి ఉండగా, ఒకటి రెండు రోజుల వేటకు ఫోను చార్జింగు సరిపోదు. చిన్న తెప్పల మోటార్లలో చాలావాటికి చార్జింగు సదుపాయం ఉండదు.

పరికరం ఉన్నంతమాత్రాన వెనుదిరగడం జరగదు. డీజిలుకు, మంచుగడ్డకు అప్పుచేసి బయలుదేరినవారు సందేశం చూసి కూడా ఒక వల వేసి పోదామనుకుంటారు. హెచ్చరికలు తరచుగా వచ్చి గాలి రాకపోతే తరువాతి హెచ్చరికను లెక్కచేయరు. అందువలన సందేశం ఎంత త్వరగా చేరుతుందో అంత కచ్చితంగా ఉండడం కూడా అవసరం.

ట్రాన్స్‌పాండరు పథకం యంత్రపు, మోటారు పడవలకు సంబంధించినది. తెడ్డు, తెరచాపలతో నడిచే సంప్రదాయ తెప్పలు ఇందులోకి రావు. పరికరం పడవ పేరున నమోదవుతుంది, మనిషి పేరున కాదు. కనుక వేరావల్ బోటులో పనిచేసే శ్రీకాకుళం కళాసీకి ఆ బోటు యజమాని అమర్చుకున్న పరికరమే ఆధారం. అది ఏ భాషలో మాట్లాడుతుందన్నది బోటు తండేలు ఫోనులో ఎంచుకున్న భాషను బట్టి ఉంటుంది.